ఇది పోతాది, ఇది పోదు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, కార్పొరేటర్ గారికి, సచివాలయం నుంచి వచ్చిన పిల్లలకు, ముందు వరసలో కూచున్న పెన్షనర్లకు, ఆ వేపచెట్టు కింద నిలబడి టీ తాగుతాండే వాళ్ళకు గూడా. అందరి పేర్లూ చెప్పి నమస్కారం పెట్టాలంటే నాకిచ్చిన పది నిమిషాలూ దానికే సరిపోతాయి, ఎవురూ ఏమీ అనుకోవద్దండి. మన కాలనీ సెక్రటరీ గారు ఫోన్ చేసి మేడం, మూడో శనివారం స్వచ్ఛాంధ్ర ప్రోగ్రాం ఉండాది, మీరు సైన్స్ టీచర్‌గా రిటైర్ అయినారు గదా, ప్లాస్టిక్ మీద నాలుగు మాటలు చెప్పాల అన్నారు. వెంటనే ఒప్పుకున్నా. నా కడుపులో ఏముండాదో ఆయనకు తెల్దు పాపం.

ఈ మూడో శనివారం ప్రోగ్రాం మొదలైందే మన కడప జిల్లాలో, 2025 జనవరి 18న, ముఖ్యమంత్రి మైదుకూరుకొచ్చి మొదలుపెట్టినారు. కాబట్టి మిగతా జిల్లాల కంటే మనం ఒక అడుగు ముందుండాల. ఉండామా? నా ఎనకాల ఫ్లెక్సీ చూడండి. ప్లాస్టిక్ రహిత కడప అని ఎంత బాగా రాసినారో. ఆ ఫ్లెక్సీ పీవీసీ, అది గూడా ప్లాస్టిక్కే. నవ్వద్దండి, నేనెవర్నీ ఎత్తిపొడవడం లేదు, ప్రింట్ చేయించిన పిల్లోడు మా స్టూడెంటే. మీటింగ్ అయినాక దీన్ని ఎవురో ఒకరు రేకుల మీద కప్పుకుంటారు, అది మేలే. చినిగిపోయినాక యాడికి పోతాది? పాత సామాన్లు కొనే ఏ గుజిరీ అంగట్లోనూ తీసుకోరు. గుజిరీ అంగడి అన్నా గదా, నా ప్రసంగమంతా ఆ అంగడి గురించే, ముందే చెప్పేస్తాండా.

ప్లాస్టిక్ వాడొద్దు అని చెప్పేదానికి నేను రాలేదు. ఆ మాట ఐదో తరగతి పిల్లోడు గూడా వక్తృత్వ పోటీలో చెప్తాడు, ప్రైజు తీసుకుంటాడు, ప్రైజు గూడా ప్లాస్టిక్ కప్పే. రూల్స్ ఉండాయి. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్పూన్లు, స్ట్రాలు, డెకరేషన్ థర్మాకోల్, ఇవన్నీ దేశమంతా బంద్. క్యారీ బ్యాగ్ మందం 120 మైక్రాన్లకు తక్కువ ఉండకూడదని ఆ ఏడాది డిసెంబర్ 31 నుంచి రూలు. మార్కెట్లో వంకాయలు వేసిచ్చే కవరు ఊదితే ఎగిరిపోతాది. ఎవుర్నడగాల? సరే అది వేరే కథ.

నా ప్రశ్న ఒకటే. ఇంట్లోకి వచ్చేసిన ప్లాస్టిక్ ఉండాది గదా, నూనె డబ్బా, షాంపూ సీసా, పెరుగు కప్పు, పాల ప్యాకెట్టు, ఫినాయిల్ బాటిల్, వీటిని కడిగి ఎండబెట్టి ఒక సంచిలో పెట్టుకున్న మనిషి ఆ సంచి తీసుకోని యాడికి పోవాల? ఈ ఊర్లో నాకు అడ్రస్ చెప్పండి. మీలో ఎవరికన్నా తెలిస్తే చెయ్యెత్తండి. ఒక్కరు. ఆయమ్మ గూడా నాతో వచ్చింది కాబట్టి తెలుసు.

తడి పొడి వేరు చేయండి అని ఎన్నేండ్లుగా చెప్తాండారు. చెత్త మీద కేంద్రం 2016లో పెట్టిన రూల్స్‌లోనే రాసినారు. ఇంటికి మూడు డబ్బాలిచ్చినారు, పచ్చది నీలంది ఎర్రది. నీలం దాంట్లో మా ఇంట్లో ఇప్పుడు బియ్యం పోసుకున్నాం, చెప్పుకోడానికి నాకేం సిగ్గు లేదు. ఎందుకంటే నేను వేరు చేసి ఇచ్చిన రెండూ మా వీధికొచ్చే ఆటోలో నా కండ్ల ముందరే కలిసిపోతాయి. చెత్తకు డబ్బులు కట్టించుకున్న రోజులు చూసినాం, తీసేసిన రోజులు చూసినాం, ఆటోలో మాత్రం తడీ పొడీ ఒకటే గుట్ట. ఆటో నడిపే పిల్లోన్ని తిట్టి లాభం లేదు. ఒకసారి అడిగితే, అమ్మా, నేను వేరుగా తీసుకుపోయినా ఆడ దింపేకాడ ఒకటే గుంత అన్నాడు. వాడు చెప్పింది నిజం.

అందుకని సంచి నేనే తీసుకోని పోదామనుకున్నా. మా ఇంటాయన ఇది ఇల్లా గోడౌనా అని రోజూ గొణుగుతాండె, యూరియా గోతాం నిండిపోయింది. స్కూటర్‌కు ముందర పెట్టుకోని ఒక ఆఫీసుకు పోయినా, ఏ ఆఫీసో చెప్పను, ఇది మా సెక్షన్ కాదు మేడం పై అంతస్తుకు పోండి అన్నారు. పై అంతస్తులో సారు క్యాంపులో ఉండారు. ఇంకో దిక్కు ఒక షెడ్డు ఉండాదని ఎవురో చెప్తే ఎతుక్కోని పోయినా, పొడి చెత్త సేకరణ కేంద్రం అని బోర్డు మంచిగా రాసినారు, రంగు గూడా పోలేదు. తాళం తుప్పు పట్టింది. గేటుకు ఒక మేకను కట్టేసినారు. మేకను కట్టినాయన నా గోతాం చూసి ఏమన్నాడో తెలుసా? "ఆడ గోడ పక్కన పడేసి పోమ్మా, ఎవురూ సూడరు" అన్నాడు. ముప్పై ఏండ్లు పిల్లోల్లకు పర్యావరణం పాఠం చెప్పిన దాన్ని నేను! ఆయన తప్పు గాదులే, ఆయన సాయం చేస్తాననుకున్నాడు.

చివరికి దారి చూపించింది టీ అంగడాయన. ఖాళీ వాటర్ బాటిల్స్ ఒక మూటలో కట్టి పెట్టింటాడు, ఇవి యాడికి పోతాయన్నా అంటే ఒక పిల్లోడొస్తాడు మేడం, వాడెనకాల పోండి అన్నాడు. పోయినా. అదే గుజిరీ అంగడి. రేకుల షెడ్డు, ముందర తక్కెడ, లోపల ఒక అక్క పీట మీద కూచోని ఉండాది. పేరు చెప్పొద్దని మాట తీసుకుంది కాబట్టి అక్క అనే అంటా.

ఆయక్క నా గోతాం కింద బోర్లించి ఒక్కొక్కటే తీసి చూస్తాది. "ఇది పోతాది. ఇది పోతాది. ఇది పోదు." అంతే. పోతాది అంటే రీసైక్లింగ్‌కు అమ్ముడుపోతాదని. వాటర్ బాటిల్ తీసుకుంటే మూత తిప్పి ఒక బుట్టలోకి, మెడ కాడ రింగు ఉంటాది గదా, చిన్న కత్తితో ఒక్క గీటు, అదీ మూతల బుట్టలోకే, పైనున్న లేబుల్ చింపి పక్కకు, బాటిల్‌ను తొక్కి ఇంకో గోతాంలోకి. ఇదంతా నేను చెప్పినంత సేపు గూడా పట్టదు. ఒక్కో బాటిల్‌ను మడిచి చూస్తాది, మడత కాడ తెల్లగీత పడితే పక్కన పెడతాది. ఎందుకక్కా అంటే, అది కలిస్తే మాలంతా చెడిపోతాది, లోడు ఎనక్కి పంపుతారు అనింది.

నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే అది సైన్సు. తెల్లగీత పడేది పీవీసీ, మిగతాది పెట్, అంటే మామూలు వాటర్ బాటిల్ ప్లాస్టిక్. పెట్ కరగాలంటే 250 డిగ్రీల పైన వేడి కావాల, అంత వేడికి పీవీసీ ముందే మాడి హైడ్రోక్లోరిక్ యాసిడ్ వదుల్తాది, పెట్ అంతా పసుపెక్కి పాడైపోతాది. నేను పుస్తకంలో చదివి పిల్లోల్లకు చెప్పింది ఆయక్క వేళ్ళతో చేస్తాంది. బడికి పోలేదంట.

డబ్బాల అడుగున త్రికోణంలో నంబర్ ఉంటాది, ఇంటికి పోయి చూడండి. ఒకటి అంటే పెట్, వాటర్ బాటిల్, కూల్‌డ్రింక్ బాటిల్, దీన్నుంచి దారం తీస్తారు, దిండ్లలో దూదిగా పోతాది, టీషర్ట్ గుడ్డ అవుతాది. రెండు అంటే షాంపూ, ఫినాయిల్, నూనె క్యాన్, గట్టివి. నాలుగు పాల ప్యాకెట్లు, కవర్లు. ఐదు పెరుగు కప్పులు, టిఫిన్ బాక్సులు, మగ్గులు. ఈ రెండు, నాలుగు, ఐదు నీళ్ళల్లో తేలుతాయి, ఒకటో నంబరు, మూడో నంబరు పీవీసీ మునిగిపోతాయి. నంబర్ అరిగిపోయింటే బకెట్లో ఒక ముక్క వేసి చూడండి, సగం సంగతి తెలిసిపోతాది. ఆరు థర్మాకోల్ జాతి. ఏడు అంటే పైవేవీ కానివన్నీ. ఒకటీ రెండూ ఐదూ గుజిరీ అంగట్లో దాదాపు పోతాయి. నాలుగు శుభ్రంగా ఉంటే పోతాది. మిగతావి పోవు.

పాల ప్యాకెట్ గురించి ఒక్క మాట, ఇది ఆడోల్లకే గాదు పొద్దున్నే కాఫీ పెట్టే మగోల్లకు గూడా. మూల కత్తిరించేటప్పుడు ఆ చిన్న ముక్కను పూర్తిగా తెంపొద్దు. ప్యాకెట్‌కే అంటుకోని ఉండనీండి. ఆ ముక్కను ఎవురూ ఏరరు, ఏ అంగడికీ పోదు, కాలవలోకే పోతాది. ఖాళీ ప్యాకెట్‌ను నీళ్ళతో ఒకసారి తొలిచి, ఆ నీళ్ళు చెట్టుకు పోసి, ప్యాకెట్ దండెం మీద ఆరేయండి. మా ఇంటి దండెం చూసి ఎదురింటోల్లు నవ్వుతారు, నవ్వనీ.

మా చిన్నప్పుడు ఈ గొడవే లేదు. సోడా తాగితే సీసా ఆడనే ఇచ్చి పోవాల, ఇంటికి తీసుకపోవాలంటే డిపాజిట్ కట్టాల. సీసా ఎనక్కి తెస్తేనే డబ్బులు. ఎవుడన్నా సీసా పారేసినాడా? తమిళనాడు నీలగిరి జిల్లాలో ఇప్పుడు బ్రాందీ అంగట్లో మందు సీసాలకు 10 రూపాయలు ఎక్కువ తీసుకోని, ఖాళీ సీసా తెస్తే తిరిగి ఇస్తాండారు. మందు సీసాకు చేసింది నీళ్ళ సీసాకు చేయలేరా? టైం అయిపాయ అని సెక్రటరీ గారు గడియారం చూపిస్తాండారు, చూసినా సార్, ఇంకొంచెమే.

పోనివి ఏం చేయాల అని మీరడగాల ఇప్పుడు. చిప్స్ ప్యాకెట్లు, గుట్కా కవర్లు, బిస్కెట్ కవర్లు. లోపల వెండి రంగు ఉంటాది చూడండి, ప్లాస్టిక్ పొర మీద అల్యూమినియం పొర, మళ్ళా ప్లాస్టిక్, వాటిని విడదీయడం అయ్యే పని గాదు. దయచేసి కాల్చొద్దండి. ఆరుబయట చెత్త కాలిస్తే 5,000 రూపాయల జరిమానా అని 2016లోనే గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, కానీ జరిమానా కోసం గాదు, ఆ పొగ పీల్చేది పక్కింటి పిల్లే. మదురైలో వాసుదేవన్ అని ఒక ప్రొఫెసర్, కెమిస్ట్రీ ఆయన, ఇట్లాంటి కవర్లు ముక్కలు చేసి వేడి కంకర మీద చల్లి రోడ్లేసే పద్ధతి కనిపెట్టినాడు, 2018లో పద్మశ్రీ ఇచ్చినారు. అంతకన్నా దగ్గర్లో ఇంకోటి ఉండాది. మన జిల్లా సిమెంట్ జిల్లా. ఎర్రగుంట్ల దిక్కు పోతే ఎన్ని పొగగొట్టాలు. సిమెంట్ బట్టీలో సున్నపురాయి 1,400 డిగ్రీల పైన కాలాల, ఆ వేడిలో ఈ పనికిరాని ప్లాస్టిక్‌ను బొగ్గుతో పాటు మండించొచ్చు, దానికి గైడ్‌లైన్స్ గూడా ఉండాయి. 2016 రూల్స్‌లో ఏం రాసినారంటే, చెత్త నుంచి ఇంధనం తయారుచేసే ప్లాంట్‌కు 100 కిలోమీటర్ల లోపలుండే ఫ్యాక్టరీలు తమ ఇంధనంలో కనీసం 5 శాతం దాన్ని వాడాలని. కాల్చేదానికి బట్టీలు మన గుమ్మం కాడుండాయి. మన వీధి నుంచి ఆ బట్టీ దాకా కవరు పోయే దారే లేదు. నడుమ ఒక సంచి, ఒక షెడ్డు, ఒక లారీ. అంతే గదా కావాల్సింది?

ఇంకోటి. ఆ చిప్స్ అమ్మినోడు గూడా బాధ్యుడే. 2022లో కేంద్రం రూలు పెట్టింది, ఎంత ప్యాకింగ్ బయటికి వదిలితే దానికి లెక్క చూపించి తిరిగి సేకరింపజేయాలని. కంపెనీలోల్లు రీసైక్లింగ్ సర్టిఫికెట్లు కొంటాండారు, లెక్కలు చూపిస్తాండారు. మన ఊరి బుగ్గవంకలో కొట్టుకపోయే ప్యాకెట్ ఎవురి లెక్కలోకి వస్తాది? 2020 నవంబరులో నివర్ తుఫానుకు వంక పొంగి ఇండ్లల్లోకి నీళ్ళొచ్చినప్పుడు మీలో చానామంది ఈడే ఉండారు. నీళ్ళు తీసినాక ముళ్ళకంపల మీద ఏం ఏలాడుతాండెనో చూసినారు. నేను దాని గురించి మాట్లాడను, మాట్లాడితే ఇంకో గంట.

కార్పొరేటర్ గారూ, మీరున్నారు కాబట్టి అడుగుతాండా. కొత్త బిల్డింగ్ వద్దు, శిలాఫలకం వద్దు. ప్రతి వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీ ఉంటారు, ఇదిగో ఈ పాపే, లేచి నిలబడమ్మా, చూడండి. ఈ పాప వార్డులో ఉండే గుజిరీ అంగళ్ళన్నీ తిరిగి, ఏ అంగట్లో ఏది తీసుకుంటారు, ఏ టైంకు తెరుస్తారు, ఒక కాగితం మీద రాసి నోటీస్ బోర్డుకు అంటించాల. పైసా ఖర్చు లేదు. చెత్త ఏరుకోని బతికే వాళ్ళను గుర్తించి కలుపుకోవాలని 2016 రూల్స్‌లోనే రాసినారు, మీరు కొత్తగా చేసేదేం లేదు. ఆ అక్కకు ఒక గుర్తింపు కార్డు ఇప్పించండి. రాత్రిపూట మాలు ఆటోలో పోతాంటే యాడిది యాడిది అని ఆపుతారంట ఆమెను. ఈరోజు ఈ కుర్చీలో కూచోవాల్సింది ఆయక్క. పోయి పిలిచినా. శనివారం లోడు పంపాల టీచరమ్మా, నాకు తీరదు, నువ్వే చెప్పుపో అనింది.

సరే సార్, అయిపాయ, మైకు ఇచ్చేస్తాండా. ఒక్క సంగతి. వచ్చే ఆదివారం పొద్దున ఏడు గంటలకు ఈ పార్కు గేటు కాడికి అక్క ఆటో వస్తాది, నేను మాట్లాడి పెట్టినా. కడిగి ఆరబెట్టినవే తెండి, నూనె డబ్బాలైతే సబ్బునీళ్ళతో. మూతలు తీసి వేరే కవర్లో. థర్మాకోల్ తేవద్దు, తెస్తే మీ ఇంటికే తిప్పి పంపుతా. తూకం వేసి డబ్బులు ఆమె ఆడనే ఇస్తాది, ఎక్కువేం రాదు, మొన్న నాకొచ్చిన దాంతో ఒక టీ, రెండు బన్నులు. బేరం మాత్రం చేయొద్దండి ఆమెతో, చేస్తే నేను ఆడనే ఉంటా. చిప్స్ ప్యాకెట్లు ఇంట్లోనే ఒక సంచిలో దాచి పెట్టుకోండి, కార్పొరేటర్ గారు ఎర్రగుంట్ల దారి తెరిపించేదాకా. ఏం సార్, ఎప్పుడంటారు?