ఫ్యాటీ లివర్: గ్రేడ్ పక్కన పెట్టి కాలిక్యులేటర్ తీయండి

[స్క్రీన్ మీద: స్కానింగ్ రిపోర్టు. "గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్" అన్న లైను దగ్గరగా]

ఈ లైను మీ ఇంట్లో ఎవరో ఒకరి రిపోర్టులో కనిపించే ఉంటుంది. గ్యాస్ అనో, కిడ్నీలో రాయి అనో స్కానింగ్‌కి వెళ్తే ఇది బయటపడుతుంది. మందు వాసన కూడా పడనివాళ్లు "నాకెందుకొచ్చింది?" అని తల పట్టుకుంటారు. హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మందికి ఇది ఉంది. కాబట్టి మీరేం ఒంటరి కాదు.

అసలు విషయం ఏంటంటే, గ్రేడ్ అనేది కొవ్వు ఎంతుందో ఒక అంచనా, అంతే. లివర్ గట్టిపడుతోందా లేదా, అంటే ఫైబ్రోసిస్ ఉందా అన్నది అది చెప్పదు, మనకు కావాల్సిందేమో అదే. గ్రేడ్ 3 ఉన్నాయన లివర్ మెత్తగానే ఉండొచ్చు. బాగా ముదిరిపోయిన లివర్‌లో అయితే కొవ్వే తగ్గిపోయి స్కానింగ్‌లో మామూలుగా కనిపించినా కనిపిస్తుంది.

[స్క్రీన్ మీద: కాలిక్యులేటర్]

మరి ఎలా తెలుస్తుంది? పాత రక్తపరీక్షల కాగితాలు తీయండి. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ (రక్తంలో కొలిచే లివర్ ఎంజైములు), ప్లేట్‌లెట్లు, మీ వయసు, ఈ నాలుగూ చాలు. వీటితో వేసే లెక్కను ఫిబ్-4 స్కోరు అంటారు. 46 ఏళ్లాయనకు ఎస్‌జీఓటీ 48, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు 1.8 లక్షలు అనుకుందాం. 46ని 48తో గుణిస్తే 2208. లక్షా ఎనభై వేలను 180 అని తీసుకుని, 64కి వర్గమూలం 8 కాబట్టి, 180 ఇంటూ 8, 1440. భాగిస్తే 1.53. 1.3 లోపు ఉంటే పెద్దగా టెన్షన్ అక్కర్లేదు, 2.67 దాటితే లివర్ డాక్టర్ని కలవాల్సిందే, మధ్యలో ఉంటే, మన 46 ఏళ్లాయనలా, ఫైబ్రోస్కాన్, అంటే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్ చేయించాలి. 35 లోపు వాళ్లకు ఈ లెక్క సరిగ్గా పనిచేయదు, 65 దాటితే 1.3 బదులు 2 చూస్తారు. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం స్కానింగ్ బాగున్నా ఈ లెక్క వేసుకోండి.

ఫైబ్రోస్కాన్‌కి కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్లండి. ఇడ్లీ తిని వెళ్తే అంకె ఎక్కువ చూపిస్తుంది, అనవసరంగా భయం.

[స్క్రీన్ మీద: బరువు తూచే మిషన్]

ఇక వైద్యం. 80 కిలోల మనిషి 4 కిలోలు తగ్గితే కొవ్వు తగ్గుతుంది, 8 కిలోలు తగ్గితే గట్టిపడిన భాగం కూడా కొంత వెనక్కి రావచ్చు. మెల్లగా తగ్గండి, వారం రోజుల ఉపవాసాలు వద్దు. నూనె మానేశానంటూ పళ్లెం నిండా అన్నం, సాయంత్రం కూల్‌డ్రింక్ కానిచ్చేవాళ్లే ఎక్కువ! తీపి, పిండిపదార్థాలే లివర్‌లో కొవ్వుగా మారుతున్నాయి కదా. పంచదార లేని కాఫీ మాత్రం మానక్కర్లేదు.

మందుల సంగతికొస్తే, ఫైబ్రోసిస్ ఓ స్థాయికి వచ్చినవాళ్ల కోసం అమెరికాలో 2024లో రెస్మెటిరోమ్‌కు, 2025లో సెమాగ్లుటైడ్‌కు అనుమతి వచ్చింది. మన దగ్గర సారోగ్లిటజార్, విటమిన్ ఇ రాస్తుంటారు. ఏదైనా డాక్టర్ చెబితేనే. ఇంకోటి, లివర్‌కి మంచిదని వాట్సాప్‌లో చూసి రోజూ తిప్పతీగ కషాయం తాగుతున్నారా? దానివల్లే లివర్ దెబ్బతిని ఆసుపత్రిలో చేరినవాళ్లున్నారు, వెంటనే ఆపేసి డాక్టర్‌కి ఆ సంగతి చెప్పండి.