గబ్బిలం పద్ధతిలో దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్ఆర్04: రివ్యూ

నమస్తే అండీ. ఈ రోజు టేబుల్ మీదున్నది హెచ్‌సీ-ఎస్ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్. కోఠి గుజరాతీ గల్లీలో ఏ ఎలక్ట్రానిక్స్ షాపులో అడిగినా దొరుకుతుంది, వంద రూపాయలు అటూ ఇటూగా.

దగ్గరగా చూపిస్తాను, చూడండి. వెండి రంగువి రెండు డబ్బాలు. టీ అని ఉన్నది శబ్దం వదులుతుంది, ఆర్ అని ఉన్నది వింటుంది. కొలత మొదలుపెట్టించే ట్రిగ్ పిన్నుకి 10 మైక్రోసెకన్ల పల్స్ ఇవ్వగానే 40 కిలోహెర్ట్జ్‌లో 8 తరంగాలు వెళ్తాయి. మన చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటితే వినపడదు కదా. అవి దేనికో తగిలి తిరిగొచ్చే టైమే దూరం లెక్క. గోల్కొండ కోట చీకటి గదుల్లో గబ్బిలాలు తిరిగేది ఇలాగే.

నాకు బాగా నచ్చింది గాజు తలుపు టెస్టు. లేజర్ సెన్సర్‌కి గాజు కనపడక అవతలి గోడ దూరం చెప్పేస్తుంటుంది. ఇది గాజునే పట్టుకుంది. అదే తలుపు కాస్త ఏటవాలుగా తెరిచామా, ప్రతిధ్వని పక్కకి పోయి రీడింగ్ గల్లంతు. మందపాటి కర్టెన్ అయితే శబ్దాన్ని మింగేస్తుంది. 4 మీటర్ల రేంజ్ అన్నది చదునైన గోడకే అనుకోండి.

మన మే నెల ఎండ సంగతి తప్పకుండా చెప్పాలి. 20 డిగ్రీల దగ్గర శబ్దం సెకనుకి 343 మీటర్లు వెళ్తుంది, 40 డిగ్రీలకి దాదాపు 355. కోడ్‌లో 343 అనే వదిలేస్తే 2 మీటర్ల గోడ 193 సెంటీమీటర్లకే ఉన్నట్టు చూపిస్తుంది. పక్కన ఒక టెంపరేచర్ సెన్సర్ పెట్టండి, లెక్క సరిపోతుంది. ఈఎస్‌పీ32 అనే కంట్రోలర్ బోర్డు వాడేవాళ్లు, తిరిగొచ్చిన టైము చెప్పే ఎకో పిన్నుని దానికి నేరుగా కలపొద్దు. అక్కడొచ్చేది 5 వోల్టులు, బోర్డు తట్టుకునేది 3.3. వోల్టేజీ తగ్గేలా మధ్యలో రెండు రెసిస్టర్లతో డివైడర్ వేయండి.

మరి దీంతో ఎదురుగా ఉన్నదాని ఆకారం తెలుస్తుందా? తెలియదండీ. ఒక్క చెవికి దూరం తెలుస్తుంది కానీ దిక్కు తెలియదు. గబ్బిలానికి రెండు చెవులున్నాయి, పైగా చాలా జాతులు ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉండకుండా పైనుంచి కిందికి జారుతూ అరుస్తాయి. అందుకే వాటికి ప్రతిధ్వనిలో అంత వివరం దొరుకుతుంది. శబ్దంతో బొమ్మ కట్టే సోనార్ పరికరాల్లో అందుకే మైకులు వరసగా పెడతారు.

ఇంట్లో చేయాలంటే ఒక దారి ఉంది. రెండో మాడ్యూల్ తీసుకుని దాని టీ డబ్బాకి టేపు అంటించి, రెండింటినీ ఒకేసారి ట్రిగర్ చేయండి. రెండు రీడింగుల్లో ఏది తక్కువో వస్తువు ఆ వైపున్నట్టు. చూపులేనివాళ్ల చేతికర్రకి ఐఐటీ ఢిల్లీ వాళ్లు అమర్చిన స్మార్ట్‌కేన్ కూడా అల్ట్రాసోనిక్‌తోనే పనిచేస్తుంది. దిక్కు కూడా తెలియాలంటే రెండు చెవులు కావాలి కాబట్టి, కాలేజీ ప్రాజెక్టుకి కొనేవాళ్లు ఒకటి కాదు, రెండు తీసుకోండి.