ఎదురు చెప్పే భాగస్వామి

అందరికీ నమస్కారం.

బహుళజాతి సంస్థ కొత్త దేశంలో అడుగుపెట్టేటప్పుడు అక్కడి వ్యాపారితో ఎందుకు చేతులు కలుపుతుంది? ఈ ప్రశ్నకు ఎక్కువమంది చెప్పే జవాబు, చట్టం అలా ఉంది కాబట్టి అని. కొంతవరకు నిజమే. చైనాలో పెట్రోలు కార్లు తయారు చేయాలంటే విదేశీ కంపెనీ వాటా సగం దాటకూడదన్న నిబంధన 2022 దాకా ఉండేది. కానీ చట్టం కోసం మాత్రమే కుదుర్చుకున్న పొత్తులో దక్కేది అనుమతి పత్రమే. నా దృష్టిలో అసలు లాభం వేరు. ప్రధాన కార్యాలయానికి ఎదురు నిలిచి, "మీ పద్ధతి ఇక్కడ నడవదు" అనగలిగే మనిషి దొరకడం. జీతానికి పనిచేసే మేనేజరు ఆ మాట అనడానికి జంకుతాడు. సొంత డబ్బు పెట్టినవాడు ఎందుకు జంకుతాడు?

మెక్‌డొనాల్డ్స్ జపాన్‌కు వెళ్లింది 1971లో. అక్కడి భాగస్వామి డెన్ ఫుజితా. మొదటి దుకాణాన్ని అమెరికాలో లాగే నగర శివార్లలో, కార్లు ఆపుకునే వీలున్నచోట పెట్టాలని కంపెనీ అనుకుంది. ఫుజితా ససేమిరా అన్నారు. టోక్యో నడిబొడ్డున గింజాలో, మిత్సుకోషి డిపార్ట్‌మెంట్ స్టోర్‌లోనే తెరవాలని పట్టుబట్టి, చివరికి అక్కడే తెరిపించారు. గింజాలో నలుగురి కంట పడింది దేశమంతా పాకుతుందన్నది ఆయన లెక్క. ఆ లెక్క తప్పలేదు. తర్వాత కొన్ని దశాబ్దాల పాటు, అమెరికా బయట ఆ కంపెనీకి అతి పెద్ద మార్కెట్లలో జపాన్ ఒకటి.

దీని పక్కన వాల్‌మార్ట్ జర్మనీ అనుభవం పెట్టి చూడండి. 1997లో వెళ్లి, మరుసటి ఏడాదికల్లా అక్కడి రెండు సంస్థల దుకాణాలను కొనేసింది. భవనాలు దక్కాయి, సిబ్బంది దక్కారు. గుమ్మంలో నవ్వుతూ పలకరించే అమెరికన్ మర్యాద జర్మన్లకు ఎబ్బెట్టుగా ఉంటుందని గట్టిగా చెప్పగలిగే, వాటా ఉన్న మనిషి మాత్రం లేడు. 2006లో దుకాణాలను అక్కడిదే అయిన మెట్రో అనే దుకాణాల సంస్థకు అమ్మి వెళ్లిపోయింది. భాగస్వామి లేకపోవడమొక్కటే కారణమని అనను. ఆల్డీ లాంటి చవక దుకాణాల పోటీ, కార్మిక సంఘాలతో గొడవలు, నష్టానికి అమ్మకూడదన్న చట్టం, ఇవన్నీ ఉన్నాయి. అయితే వీటిలో ఏదీ అక్కడి వ్యాపారికి తెలియని రహస్యం కాదు.

పెట్టుబడి సంగతి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. కోకా-కోలా 1899లో అమెరికాలోనే, తన పానీయాన్ని సీసాల్లో నింపి అమ్మే హక్కును ఇద్దరు న్యాయవాదులకు ఒక్క డాలరుకు ఇచ్చేసింది. ఆ డాలరు కూడా వసూలు కాలేదని చెప్పుకుంటారు! ఫ్యాక్టరీ, బండ్లు, పనివాళ్ల ఖర్చంతా సీసాలు నింపేవారిదే. కంపెనీ సిరప్ అమ్ముకుంటుంది. ఆ పద్ధతితోనే తర్వాత ప్రపంచమంతా తిరిగింది.

ఇక్కడ ఎక్కువమంది గమనించని లాభం ఇంకొకటి ఉంది: భాగస్వామి నుంచి తిరిగి నేర్చుకోవడం. 1962లో జపాన్‌కు చెందిన ఫుజీ ఫోటో ఫిల్మ్, అమెరికా జిరాక్స్‌కు వాటా ఉన్న బ్రిటన్ సంస్థ ర్యాంక్ జిరాక్స్ సగం సగం వాటాతో ఫుజీ జిరాక్స్‌ను స్థాపించాయి. మొదట అది జిరాక్స్ యంత్రాలు అమ్మిపెట్టే సంస్థ. మెల్లగా సొంతంగా చిన్న కాపీ యంత్రాలు రూపొందించింది. నాణ్యతకు 1980లో డెమింగ్ బహుమతి అందుకుంది. జపాన్ పోటీదారులు అమెరికాలోనే జిరాక్స్‌ను దెబ్బతీస్తున్న రోజుల్లో, నాణ్యత పాఠాలు నేర్చుకోవడానికి మాతృసంస్థ ఈ పిల్ల సంస్థ వైపే చూసింది. సెవెన్-ఎలెవెన్ కథ ఇంకా విచిత్రం. జపాన్‌లో లైసెన్సు తీసుకుని 1974లో మొదటి దుకాణం తెరిచినవారే, అప్పుల్లో మునిగిన అమెరికా మాతృసంస్థలో 1991లో మెజారిటీ వాటా కొన్నారు.

అన్ని పొత్తులూ ఇలా సుఖాంతం కావు. ఫ్రాన్స్‌కు చెందిన డానోన్, చైనా పానీయాల సంస్థ వహాహా 1996లో కలిశాయి. ఉమ్మడి సంస్థకు బయట అదే పేరుతో భాగస్వామి వేరే కంపెనీలు నడుపుతున్నాడని 2007లో డానోన్ రచ్చకెక్కింది. రెండేళ్లు కోర్టుల చుట్టూ తిరిగి, 2009లో తన వాటా అమ్ముకుని తప్పుకుంది. పేరు ఎవరిది, ఎక్కడిదాకా వాడుకోవచ్చు అన్నది తొలిరోజే తేల్చుకోకపోతే మార్కెట్ తెలిసిన భాగస్వామిదే పైచేయి అవుతుంది. వినియోగదారుడు గుర్తుపట్టేది అతన్నే కదా.

మన దేశంలో హీరో, హోండా 1984లో కలిశాయి. 1999లో హోండా ఇక్కడ సొంత ద్విచక్ర వాహన సంస్థ పెట్టుకుంది. 2010 డిసెంబరులో విడిపోతున్నట్టు ప్రకటించాయి. అప్పటికి హోండాకు ఇక్కడి మార్కెట్ తెలుసు, హీరోకు డీలర్ల వ్యవస్థ ఉంది. కొంతకాలం హోండా సాంకేతికతనే లైసెన్సు మీద వాడుకుంటూ హీరో సొంత ఇంజిన్ల వైపు మళ్లింది. విడిపోయే పద్ధతి కాగితం మీద స్పష్టంగా ఉంటే విడాకులు కూడా వ్యాపారంలాగే నడుస్తాయి. ఒప్పందాల్లో ఆ భాగం ఎలా రాసుకోవాలన్న దాని మీద ప్రశ్నలుంటే అడగండి, అక్కడినుంచి మాట్లాడుకుందాం.