టీవీ ఇంటర్వ్యూ జనంలోకి ఎంత వెళ్లిందో ఇలా తెలుసుకోండి

అందరికీ నమస్తే. రాత్రి మన ఎమ్మెల్యే ఒక ఛానెల్‌లో గంటసేపు మాట్లాడారనుకోండి, స్టూడియో నుంచి బయటికి రాగానే చుట్టూ ఉన్నవాళ్లు 'సార్, ఇరగదీశారు' అంటారు. ఆ మాటను లెక్కలోకే తీసుకోవద్దు.

టీఆర్‌పీ చూస్తే సరిపోదా అంటారు. ఆ టీవీ రేటింగులు లెక్కగట్టే సంస్థ బార్క్. దాని మీటర్లు కొన్ని ఇళ్లలో ఏ ఛానెల్ నడిచింది, ఎవరు చూశారు అనేదే చెబుతాయి, నచ్చిందో లేదో చెప్పవు. పైగా 2020 అక్టోబర్‌లో ఆపేసిన న్యూస్ రేటింగులను 2022 మార్చిలో మళ్లీ ఇచ్చినప్పుడు నాలుగు వారాల సగటుగా ఇచ్చారు, అందులో ఒక్క రాత్రి ఇంటర్వ్యూ ఎక్కడ కనబడుతుంది?

ఇప్పుడు స్క్రీన్ చూడండి. యూట్యూబ్‌లో వీడియో కింది గీత మీద వేలు పెడితే, బాగా చూసిన వీడియో అయితే, అక్కడక్కడా ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. జనం వెనక్కి జరిపి మళ్లీ మళ్లీ చూసిన చోటు అది. మెచ్చుకుని చూశారో ఎగతాళికి చూశారో గీత చెప్పదు కాబట్టి, ఆ నిమిషం గురించి ఏం కామెంట్లు పెట్టారో చదవండి, ఏ ముక్క వాట్సాప్ స్టేటస్‌లలో తిరుగుతోందో చూడండి. మన కార్యకర్తలు పెట్టినవి, ఎదుటి పార్టీవాళ్లు పెట్టినవి పక్కన పెట్టేయండి, ఏ పార్టీకీ చెందనివాళ్లు పెట్టిన ముక్కే అసలు సమాచారం.

ఇక పొద్దున్నే వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు వెళ్లండి. మెడలో కండువా ఉండకూడదు. 'సార్ ఇంటర్వ్యూ నచ్చిందా' అని అడిగితే అందరూ నచ్చిందనే అంటారు, ఎందుకొచ్చిన గొడవ అని. 'రాత్రి మన సారు టీవీల ఏమన్నడట?' అని అడిగి ఊరుకోండి. ములుగు నుంచో పరకాల నుంచో మిర్చి తెచ్చిన రైతు ఇంటర్వ్యూ చూసి ఉండకపోవచ్చు, అయినా ఒక ముక్క చెవిన పడి ఉంటుంది. సార్ పది విషయాలు మాట్లాడినా ఆయనకు కోల్డ్ స్టోరేజీ మాటొక్కటే గుర్తుందంటే, జనంలోకి వెళ్లింది అదొక్కటే. నాకైతే వంద కామెంట్ల కంటే ఇదే ఎక్కువ.

ఫోన్ సర్వే చేయిస్తే ఇంటర్వ్యూకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, అదే ప్రశ్న అవే మనుషులను అడగండి. ముందు అడగకపోతే ఏం మారిందో ఎలా తెలుస్తుంది? చాలా టీములు ఇదే వదిలేస్తాయి.

రిపోర్టులో జనం మాటలను నున్నగా చెక్కకండి. తిట్టి ఉంటే తిట్టినట్టే రాసి, సాయంత్రంలోపు సార్ చేతికే ఇవ్వండి, మధ్యలో ఎవరికీ ఇవ్వొద్దు.