బిల్లులు రాలేదు, ఆసుపత్రి వచ్చింది: మదర్ బాప్టిస్ట్ రసెల్ కథ

[స్క్రీన్ మీద: 1850ల శాన్ ఫ్రాన్సిస్కో రేవు]

1854 డిసెంబర్ 8. ఐర్లాండ్ నుంచి బయల్దేరిన ఎనిమిది మంది సిస్టర్లు ఈ రేవులో దిగారు. అమెరికాను అడ్డంగా దాటే రైలు 1869కి గానీ రాలేదు. అందుకే న్యూయార్క్ చేరి, మధ్య అమెరికాలోని నికరాగువా మీదుగా ఇటు పసిఫిక్ ఒడ్డుకొచ్చి మళ్లీ ఓడెక్కారు. వాళ్ల నాయకురాలు మేరీ బాప్టిస్ట్ రసెల్. వయసు పాతికేళ్లు!

[మ్యాప్: న్యూరీ, కిన్సేల్]

పుట్టింది ఐర్లాండ్‌లోని న్యూరీలో, కలిగినింట్లో. అసలు పేరు కేథరిన్. బంగాళాదుంప పంట కుళ్లి దేశం ఆకలితో అల్లాడుతున్న 1848లో కిన్సేల్‌లో మెర్సీ సిస్టర్లనే కేథలిక్ సన్యాసినుల కాన్వెంట్‌లో చేరింది. మరుసటి ఏడే ఆ ఊళ్లో కలరా. రోగుల దగ్గర కూర్చోవడం అక్కడే నేర్చుకుంది.

[చిత్రం: పాత ఆసుపత్రి వార్డు]

అది 1855లో అక్కరకొచ్చింది. శాన్ ఫ్రాన్సిస్కోకి కలరా వచ్చింది. సెలైన్ బాటిల్ లేదు, యాంటీబయాటిక్ లేదు. జబ్బు నీళ్లతో వస్తుందని డాక్టర్లలోనే చాలామంది నమ్మేవారు కాదు. వాంతులు, విరేచనాలతో మనిషి గంటల్లో చల్లబడిపోయేవాడు. పక్కలు మార్చాలి, ఒళ్లు తుడవాలి, గుక్కెడు గుక్కెడుగా తాగించాలి. కౌంటీ, అంటే మన జిల్లాలాంటి స్థానిక ప్రభుత్వం, నడిపే ఆసుపత్రిలో ఆ పనంతా సిస్టర్లే చేశారు.

తర్వాత బాప్టిస్ట్ కౌంటీ వాళ్లతోనే ఒప్పందం చేసుకుంది. వాళ్ల మాట: పేద రోగుల్ని మీరు చూడండి, ఖర్చు మేమిస్తాం. ఇచ్చారా? బకాయిలు పేరుకుపోయాయి. ఈ కథ ఏ దేశంలోనైనా ఒకటే! పైగా కేథలిక్కులంటే పడని పత్రికల దుమ్మెత్తిపోతలు. బాప్టిస్ట్ ఒప్పందానికి స్వస్తి చెప్పి, 1857 జులై 27న సెయింట్ మేరీస్ పేరుతో సొంత ఆసుపత్రి తెరిచింది. నన్నడిగితే ఆవిడ బతుకులో అసలు మలుపు ఇదే. సేవ ఎంత తెలుసో, లెక్కలూ అంత తెలుసు.

అదే ఏడు శాక్రమెంటోలో బడి పెట్టించింది. పని దొరకని ఆడవాళ్లకు ఆశ్రయం ఇచ్చింది. 1868లో మశూచి వస్తే, అంటురోగుల్ని విడిగా ఉంచే, జనం ఆమడ దూరం పారిపోయే పెస్ట్ హౌస్‌లోకి సిస్టర్లు వెళ్లి రోగులతోనే ఉండిపోయారు.

[ఫోటో: చార్లెస్ రసెల్]

ఈయన ఆవిడ తమ్ముడు. 1894లో ఇంగ్లండ్ ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. అక్క 1898లో కన్నుమూసేదాకా శాన్ ఫ్రాన్సిస్కోలోనే ఉండిపోయింది.

1906 భూకంపం తర్వాత చెలరేగిన మంటల్లో, రింకన్ హిల్ మీదున్న ఆవిడ ఆసుపత్రి కాలిపోయింది. రోగుల్ని ముందే ఓడెక్కించి ఓక్లండ్ వైపు తరలించారు. బే ఏరియాలో ఉన్న మనవాళ్లు గోల్డెన్ గేట్ పార్క్ పక్కన, స్టాన్యన్ స్ట్రీట్‌లో చూసే సెయింట్ మేరీస్ దాని వారసత్వమే.