ఆర్‌ఎక్స్ 100 కార్బురేటర్ ట్యూనింగ్: మైలేజీ సెట్టింగ్ ఎందుకు వద్దంటే

నమస్తే అండీ. ఇవాళ స్టాండ్ మీదున్నది యమహా ఆర్‌ఎక్స్ 100. 98 సీసీ, టూ స్ట్రోక్, మికుని కార్బురేటర్ (పెట్రోల్లో గాలి కలిపి ఇంజిన్‌కి పంపేది). బండి ఓనరు తాళం ఇస్తూనే "కొంచెం మైలేజీ సెట్టింగ్ పెట్టన్నా" అన్నాడు. అంటే గాలిలో కలిసే పెట్రోలు తగ్గించమని. పెట్టను. ఎందుకో పని చేస్తూ చెప్తా.

ముందు బండిని పది నిమిషాలు తిప్పి తెచ్చుకోండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చేసిన ట్యూనింగ్ వేడెక్కాక నిలవదు. చోక్ ఆఫ్‌లో ఉండాలి, ఫిల్టర్ శుభ్రంగా ఉండాలి. కార్బురేటర్‌కీ సిలిండర్‌కీ మధ్య జాయింట్‌లో గాలి లీకవుతుంటే ఎన్ని స్క్రూలు తిప్పినా దండగే.

ఇటు దగ్గరగా చూడండి. పెద్దది ఐడిల్ స్క్రూ, ఎక్స్‌లేటర్ వదిలేసినప్పుడు ఇంజిన్ ఎంత వేగంగా ఆడాలో పెట్టేది. ఫిల్టర్ వైపున్న ఈ చిన్నది ఎయిర్ స్క్రూ. లోపలికి తిప్పితే గాలి తగ్గి రిచ్ అవుతుంది, అంటే పెట్రోలు పాలు ఎక్కువ; బయటికి తిప్పితే లీన్, అంటే పెట్రోలు పాలు తక్కువ. స్క్రూ ఇంజిన్ వైపున్న బళ్లలో ఈ లెక్క తిరగబడుతుంది, ఆర్‌ఎక్స్ చూసి వాటికీ ఇలాగే తిప్పేయకండి.

ఎయిర్ స్క్రూని మెల్లగా పూర్తిగా బిగించండి. బలం పెడితే మొన అరిగిపోద్ది. అక్కణ్నుంచి ఒకటిన్నర చుట్టు బయటికి. స్టార్ట్ చేసి, ఐడిల్ కాస్త పెంచి, ఎయిర్ స్క్రూని పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ వినండి... ఇదిగో, రేజింగ్ (ఇంజిన్ తిరిగే వేగం) తనంతట తానే పెరిగింది కదా? అక్కడ ఆగాలి. ఇప్పుడు పెద్ద స్క్రూతో ఐడిల్ దించేయండి.

ఎక్స్‌లేటర్ ఒక్కసారి తిప్పి వదలండి. బండి గొంతు పట్టేసినట్టు ఆగినా, వదిలాక రేజింగ్ కిందికి దిగకుండా వేలాడినా లీన్ కింద లెక్క. ముక్కుతూ మూలుగుతూ ఎక్కితే రిచ్. పొగ చూసి మాత్రం కార్బురేటర్‌ని తిట్టకండి, అది ఆయిల్ పంపు సెట్టింగ్ కూడా కావచ్చు.

ఇక మైలేజీ సంగతి. లీన్ చేస్తే మంట వేడి పెరుగుతుంది. టూ స్ట్రోక్‌లో ఆ వేడికి పిస్టన్ ఉబ్బి సిలిండర్‌కి పట్టేస్తుంది. పైగా ఇది 1985లో వచ్చిన బండి, ఇప్పుడు బంకులో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే జెట్‌తో (పెట్రోలు కొలతగా వదిలే సన్న రంధ్రం) మిశ్రమం ఇప్పటికే కాస్త లీన్. దాన్ని ఇంకా తగ్గించి లీటరుకి రెండు కిలోమీటర్లు మిగుల్చుకుంటే, పట్టేసిన సిలిండర్‌ని మళ్లీ తొలిపించే బోరింగ్ ఖర్చు ఎవరిస్తారు?

ఎయిర్ స్క్రూ పనిచేసేది ఎక్స్‌లేటర్ పావు వంతు దాకానే. ఆపైన ముప్పావు దాకా నీడిల్ (ఎక్స్‌లేటర్‌తో పైకీ కిందికీ కదిలే సూది), అక్కణ్నుంచి మెయిన్ జెట్. రోడ్డు మీద సగం ఎక్స్‌లేటర్‌లో కాసేపు నడిపి, క్లచ్ పట్టి అక్కడే ఇంజిన్ ఆపండి. చల్లారాక ప్లగ్ పానాతో విప్పండి. కాఫీ రంగుంటే వదిలేయండి. మసిగా నల్లగా ఉంటే రిచ్, నీడిల్‌ని పట్టి ఉంచే క్లిప్ ఒక గాటు పైకి. తెల్లగా కనిపిస్తే లీన్, క్లిప్ ఒక గాటు కిందికి దించి, మళ్లీ చూసేదాకా హైవే ఎక్కకండి.