డెర్బీ పెరట్లో బొగ్గు రైలు: అత్తయ్యగారితో ఒక ఆదివారం

నమస్కారం. కావలిలో ఉన్న మా ఆడపడుచు "అమ్మను ఎక్కడెక్కడికి తిప్పుతున్నారో కాస్త వీడియో తీసి పెట్టు వదినా" అని అడుగుతూనే ఉంటుంది కాబట్టి, ఈ వారం కెమెరాను ఇంగ్లండ్‌లోని డెర్బీకి ఉత్తరాన, మనుషులు ఎక్కి తిరిగే బుల్లి ఆవిరి రైళ్లు నడిచే ఒక ఇంటి పెరట్లోకి తీసుకువచ్చాను. ఇంటివారు తమ పేరు, ఊరు చెప్పవద్దనీ, వచ్చినవారి ముఖాలు చూపించవద్దనీ కోరారు. అందువల్ల మీకు ఎక్కువగా పట్టాలు, పొగ, మసి అంటిన చేతులు మాత్రమే కనిపిస్తాయి. మా వారితో కలిసి పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఈ ఇంటి యజమానికి స్నేహితుడు. ఆయన ద్వారానే మాకు ఈ పిలుపు అందింది.

ఇప్పుడు మీరు చూస్తున్న పట్టాల మధ్య దూరం ఏడుంపావు అంగుళాలు, అంటే 184 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు కనుక, ఇది అందులో సుమారు తొమ్మిదో వంతు. అయినా స్లీపర్లు, పట్టాలను కలిపే ఫిష్‌ప్లేట్లు, దారి మార్చే పాయింట్లు, సిగ్నళ్లు అన్నీ ఉన్నాయి. పట్టాలు గులాబీ పాదుల పక్కగా బయలుదేరి, ఆపిల్ చెట్ల కింద వంపు తిరిగి, ఒక చిన్న వంతెన దాటి మళ్లీ షెడ్డు దగ్గరికే వస్తాయి. ఏడాదిలో కొన్ని ఆదివారాలు చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఈ సరదా ఉన్నవారు తమ తమ ఇంజన్లను ట్రెయిలర్ల మీద ఎక్కించుకుని ఇక్కడికి వస్తారు. ఒక్కొక్కటి వందల కిలోల బరువుంటుంది కాబట్టి చేతులతో దించడం సాధ్యం కాదు. పైకీ కిందికీ కదిలే ఇనుప బల్ల ఒకటి ఉంటుంది, దాని మీదికి ఇంజన్‌ను దొర్లించి, పట్టాల ఎత్తుకు దించి, మెల్లగా నెడతారు.

నాకు అన్నిటికంటే వింతగా తోచింది, ఈ ఆటకు వారు పెట్టుకున్న నియమాలు. పిలిస్తే వచ్చిన స్నేహితుడైనా సరే, బాయిలరు సర్టిఫికెట్ చూపించనిదే పొయ్యి వెలిగించనివ్వరు. బాయిలరును నీటితో నింపి, అది పనిచేసే పీడనానికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి, ఎక్కడా చెమ్మ రాలేదని చూసినవారు సంతకం చేసి ఇచ్చిన కాగితం అది. ఇది కాక ఏటేటా ఆవిరితోనూ పరీక్ష జరగాలి. డెబ్బై ఏళ్లు దాటినట్టు కనిపించే ఒకాయన కళ్లజోడు సవరించుకుని ప్రతి కాగితంలో తేదీలు చూస్తుంటే, మన ఊళ్లో స్కూలు బస్సుల ఫిట్‌నెస్ కూడా ఇంత శ్రద్ధగా చూస్తే ఎంత బాగుండునో అనిపించింది.

పొయ్యి వెలిగించాక ఆవిరి పుట్టడానికి ముప్పావు గంట, గంట పడుతుంది. మొదట్లో గాలి లాగే శక్తి ఇంజన్‌కు ఉండదు కనుక పొగగొట్టం మీద చిన్న కరెంటు ఫ్యాను బోర్లిస్తారు. కిరోసిన్‌లో తడిపిన చెక్కముక్కలు అంటుకున్నాక గుప్పెడు గుప్పెడుగా బొగ్గు వేస్తారు. ఆవిరి పీడనం చూపే ముల్లు కదిలేదాకా ఎవరికీ తొందర లేదు. టీ తాగుతారు, నూనె డబ్బాతో కీళ్లన్నీ తడుపుతారు, మళ్లీ టీ తాగుతారు. టీతో పాటు కేకు ముక్క రెండు పౌండ్లు. పౌండుకు 115 రూపాయల లెక్కన 230 రూపాయలు. ఆ డబ్బు పట్టాల మరమ్మతు హుండీలోకి వెళుతుంది.

అక్కడ అందరి నోటా నానుతున్న బాధ బొగ్గుది. వేల్స్ బొగ్గు పొగ తక్కువ, వేడి ఎక్కువ అని పేరు. మెర్తిర్ టిడ్‌ఫిల్ దగ్గరున్న ఫోస్-ఇ-ఫ్రాన్ ఓపెన్‌కాస్ట్ గని 2023 నవంబరులో మూతపడినప్పటి నుంచి ఆ బొగ్గు దొరకక, దిగుమతి బొగ్గుతోనూ, అచ్చుపోసిన బొగ్గు ఉండలతోనూ సరిపెట్టుకుంటున్నారు. ఒకాయన తన దగ్గర మిగిలిన పాత వేల్స్ బొగ్గును బీరువాలో నగలు దాచినట్టు దాచుకున్నానని గర్వంగా చెప్పారు. పాతిక కిలోల మామూలు బస్తాయే ఇరవై పౌండ్ల దాకా పడిందట, అంటే 2,300 రూపాయలు. ఈ మాట నేను తెలుగులో చెప్పగానే మా అత్తయ్యగారు, "సింగరేణి బొగ్గయితే సగం బూడిదే మిగిలేదని మా నాన్న తిట్టుకునేవాడమ్మాయ్" అన్నారు.

అత్తయ్యగారి గురించి ఇక్కడ చెప్పాలి. ఆవిడ పుట్టి పెరిగింది నెల్లూరు జిల్లా బిట్రగుంట రైల్వే క్వార్టర్సులో. బిట్రగుంటలో పెద్ద ఆవిరి ఇంజన్ల షెడ్డు ఉన్న రోజుల్లో ఆవిడ నాన్నగారు అక్కడ ఫైర్‌మన్‌గా పనిచేశారు. ఇంగ్లండ్‌కు వచ్చినప్పటి నుంచి ఎక్కడికి తీసుకువెళ్లినా మర్యాదకు "బాగుంది" అని ఊరుకునే మనిషి, ఇక్కడ పొగ వాసన తగలగానే కుర్చీలోంచి లేచి షెడ్డు దగ్గరికి నడిచారు.

ఎక్కించడం మాత్రం కష్టమైంది. ఇక్కడి పెట్టెలు చాలావరకు గుర్రం మీద కూర్చున్నట్టు రెండు వైపులా కాళ్లు వేసి కూర్చోవలసినవి. చీరతో అది కుదరదని నేను చెప్పకముందే గార్డుగా ఉన్నాయన గ్రహించి, లోపల కాళ్లు పెట్టుకుని కూర్చునే లోతైన పెట్టె ఒకటి తెచ్చి ఇంజన్ వెనకే తగిలించారు. కొంగు చక్రాల్లో పడకుండా నడుముకు బిగించమని సైగ చేశారు. ఆవిడ అప్పటికే బిగించేశారు. ఆయన విజిల్ ఊది పచ్చజెండా ఎత్తగానే, "బొమ్మ రైలుకు కూడా జెండా ఊపుతుండారే!" అని ఆవిడ నవ్విన నవ్వు వీడియోలో స్పష్టంగా వినిపిస్తుంది.

రెండో చుట్టులో ఆపిల్ చెట్ల దగ్గర బండి నెమ్మదించింది. అత్తయ్యగారు ముందుకు వంగి, డ్రైవరు భుజం పక్కనుంచి నీటిమట్టం చూపించే గాజు గొట్టాన్ని చూసి, "అద్దంలో నీళ్లు తగ్గాయి, చెప్పు ఆయనకు" అన్నారు. నేను ఇంగ్లీషులో చెప్పేలోపే ఆయన ఇంజెక్టర్ తిప్పారు. బాయిలరులోని ఆవిరే సన్నని గొట్టం గుండా దూసుకువస్తూ చల్లని నీళ్లను తనతో కలుపుకుని, అదే బాయిలరులోకి తిరిగి తోసుకుపోయే సాధనం అది. 1858లో హెన్రీ జిఫార్ అనే ఫ్రెంచి ఇంజనీరు కనిపెట్టాడు. మొదట కింది గొట్టంలోంచి నీళ్లు బొటబొటా కారాయి, తరువాత కారడం ఆగి సన్నని కూత మొదలైంది. "పట్టింది" అన్నారు అత్తయ్యగారు. నీళ్లు తగ్గి, పొయ్యి పైకప్పులో ఉండే లెడ్ ప్లగ్గు (సీసం బిరడా) కరిగితే ఆ రోజుల్లో ఉద్యోగానికే ముప్పనీ, నాన్నగారు నిద్రలో కూడా అదే కలవరించేవారనీ చెప్పారు. నేను అనువదించగా విన్న ఆ డ్రైవరు టోపీ తీసి పట్టుకున్నారు. మూడో చుట్టులో అరచేయంత పార ఆవిడ చేతికిచ్చి రెండు పారల బొగ్గు వేయించారు.

పెరటి రైళ్లకు ఈ ప్రాంతం కొత్త కాదు. ఇక్కడికి దగ్గరలోని డఫీల్డ్‌లో సర్ ఆర్థర్ హేవుడ్ 1874లో తన ఇంటి ఆవరణలో 15 అంగుళాల పట్టాలు వేసి, పెద్ద ఎస్టేట్లకూ సైన్యానికీ ఇంత సన్నని రైలు చాలునని నిరూపించాలని చూశాడు. సైన్యం వద్దంది. వెస్ట్‌మిన్‌స్టర్ డ్యూక్ ఒక్కడే తన ఈటన్ హాల్ ఎస్టేటుకు వేయించుకున్నాడు, అది 1896లో మొదలైంది. వ్యాపారంగా చూస్తే నష్టమే, కానీ తరువాత వినోదం కోసం నడిచిన రైళ్లెన్నో ఆ కొలతనే పట్టుకున్నాయి.

అత్తయ్యగారు ఎక్కిన ఇంజన్ లాంటిది సెకండ్‌హ్యాండులో కూడా పది వేల పౌండ్లకు పైనే పలుకుతుందట, అంటే పదకొండున్నర లక్షల పైమాటే. "ఆ డబ్బుతో ప్లాటు కొనుక్కోవచ్చే" అన్నారు ఆవిడ. సాయంత్రం డ్రైవర్లు పొయ్యిలోని నిప్పు తీసేసి, బూడిద లాగి, గొట్టాలు తుడిచి, నూనె రాసేసరికి ఇంకో గంట గడిచింది. బిట్రగుంట షెడ్డులో బూడిద లాగడానికి వేరే మనుషులు ఉండేవారనీ, ఇక్కడ డ్రైవరు, ఫైర్‌మన్, ఖలాసీ అందరూ ఒకరేననీ ఆవిడ వరుసగా చూపించారు.

మళ్లీ సెప్టెంబరులో ఇంజన్లు వస్తాయి, తప్పక రండి అని ఇంటాయన అన్నారు. అత్తయ్యగారి తిరుగు టికెట్ ఆగస్టు చివర ఉంది. తేదీ మార్చాలంటే 150 పౌండ్లు, అంటే 17,250 రూపాయలు అవుతుందని మా వారు కారులో లెక్క చెప్పారు. కొత్తిమీర కట్ట ధర విని బుట్టలోంచి తీసి వెనక్కి పెట్టేసే మనిషి, వీసాకు ఇంకా గడువుందో లేదో ఒకసారి అడిగి, "అయితే కట్టెయ్" అన్నారు.